మీ నాన్నగారు దీంతో ఏం కోసేవారు?

“ఏంటమ్మా, మూడు వారాలుగా మీటింగుకి రావట్లేదు? ఎవరో చాకుల ముసలాళ్ళతో కబుర్లు చెప్పుకుంటున్నావట?”

అన్నయ్య ఫోను. సొంత అన్నయ్య కాదు, సాహిత్యంలో అన్నయ్య. మా ఆన్‌లైన్ సాహిత్య సమావేశం ఇక్కడి లెక్కన శనివారం పొద్దున పదింటికి. సరిగ్గా అదే వేళకి, పెన్సిల్వేనియా వాయవ్య మూల నేనుండే చిన్న ఊళ్ళో, ఒక డైనర్‌లో కిటికీ పక్క బల్ల దగ్గర ఐదారుగురు డెబ్భై దాటినవాళ్ళు జేబుల్లోంచి పాత మడతచాకులు తీసి కాఫీ కప్పుల పక్కన పెట్టుకుని కూచుంటారు. ఇప్పుడు నా శనివారాలు ఆ బల్లవి.

“ఏం మాట్లాడుకుంటారు అక్కడ?”

చెప్పాను. ఒకాయన పెరట్లో టమాటాలకి తెగులొచ్చింది. ఇంకొకాయన భార్యకి తుంటి ఆపరేషన్ తేదీ మళ్ళీ మారింది. మూడో ఆయన కుక్కకి చెవుడొచ్చింది, పిలిస్తే పలకట్లేదు. ఆయనకీ చెవుడే కాబట్టి ఇద్దరికీ బానే గడుస్తోంది.

“అంతేనా?”

ఆ ‘అంతేనా’కి ఫోన్లో జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్తాను.

ముందు ఆ చాకుల సంగతి. సినిమాల్లో బటన్ నొక్కితే టక్కున లేచే సరుకు కాదు ఇది. వీటిని స్లిప్‌జాయింట్ అంటారు. తాళం ఉండదు. పిడి వీపున ఉన్న స్ప్రింగు ఒత్తిడే బ్లేడుని తెరిస్తే తెరిచినట్టు, మూస్తే మూసినట్టు పట్టి ఉంచుతుంది. బ్లేడు మీద చిన్న గాడి ఉంటుంది. అందులో బొటనవేలి గోరు పెట్టి, రెండు చేతులతో నెమ్మదిగా తీయాలి. మనిషిని పొడవటానికి ఇంతకంటే పనికిమాలిన ఆయుధం ఉండదు. గట్టిగా పొడిస్తే మడతపడి మన వేళ్ళే తెగుతాయి. బ్రిటన్ చట్టం కూడా బ్లేడు మూడంగుళాలు దాటని, తాళం లేని మడతచాకుని మాత్రం ఏ కారణమూ చెప్పకుండానే జేబులో పెట్టుకోనిస్తుంది.

ఒక్కో ఆకారానికీ ఒక పేరు, పేరు వెనక ఒక పని. స్టాక్‌మన్ పశువుల కాపరులది. మూడు బ్లేడులు, అందులో మొద్దుకొస ఉన్నది కోడెల విత్తులు తియ్యడానికి. ట్రాపర్ వేటాడి తోలు ఒలిచేవాళ్ళది. బార్లో పిల్లల చాకు. మార్క్ ట్వేన్ 1876లో వేసిన నవలలో టామ్ సాయర్‌కి బహుమతిగా దొరికి, వాణ్ణి ఆనందంతో ఊపేసిన పన్నెండున్నర సెంట్ల చాకు ఇదే. కేస్ కంపెనీ చాకైతే ముద్ర కింద చుక్కలుంటాయి. 1970లో పది చుక్కలతో మొదలుపెట్టి ఏడాదికొకటి తీసేస్తూ వచ్చారు. వీళ్ళు భూతద్దం పెట్టి ఆ చుక్కలు లెక్కపెడతారు. “ఆరు. అంటే 74. ఆ ఏడే మా పెద్దాడు పుట్టాడు.” అంతే, చాకు అక్కడితో అయిపోయింది. పెద్దాడి కథ మొదలు. వాడు టెక్సాస్‌లో ఉంటాడు, ఫోన్ చెయ్యడు, ఎందుకు చెయ్యడో బల్లకంతా తెలుసు.

తెరిచేటప్పుడు స్ప్రింగు మీద బ్లేడు కదిలే తీరునీ, చివర్లో వచ్చే ‘టప్’ అనే చప్పుడునీ కలిపి ‘వాక్ అండ్ టాక్’ అంటారు. నడకా మాటా. మంచి చాకుకి రెండూ ఉండాలట.

ఒక శనివారం ఒకాయన చాకు పిడి చూసి ఇదేం ఎముక అని అడిగాను. బ్రెజిల్ పశువుల కాలి ఎముక, జెబు జాతి అన్నాడు. నేను కుర్చీలోంచి లేచినంత పనైంది. బ్రెజిల్ జెబు మందల్లో ఎక్కువ భాగం ‘నెలోర్’ జాతి. నెలోర్ అంటే మన నెల్లూరే. 19వ శతాబ్దం నుంచి 1960ల దాకా ఓడలెక్కి వెళ్ళిన ఒంగోలు పశువుల సంతతి. ఒంగోలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది కదా, ఆ పేరు అక్కడ అలా నిలిచిపోయింది. ఆ పిడిలో ఉన్నది ఒంగోలు గిత్త మునిమనవడో కాదో నేను రుజువు చెయ్యలేను గానీ, ఆ పూటంతా బల్ల మీద మూపురాల గురించే చర్చ. తెలుగువాళ్ళ గురించి అమెరికాలో నేను చెప్పినవాటిలో ఇంత శ్రద్ధగా ఎవరైనా విన్నది అదొక్కటే.

ఇప్పుడు మన మీటింగు సంగతి.

మన విమర్శలో ‘వస్తువు’ అనే మాట ఉంది. వస్తువు బలంగా ఉంది, శిల్పం తేలిపోయింది అంటాం. లేదా దాన్ని తిరగేసి అంటాం. ఇక్కడ వస్తువంటే పేదరికం, కులం, స్త్రీ, వలస, ప్రపంచీకరణ. చేత్తో పట్టుకునేది ఏదీ వస్తువు కిందికి రాదు. నేను వెళ్ళిన ఆఖరి మీటింగులో ఒక కథ చదివారు. అందులో రైతు తెల్లవారుజామున ‘పనిముట్లు తీసుకుని’ పొలానికి వెళ్తాడు. ఏ పనిముట్లు? పారా, గునపమా, కొడవలా? అది దుక్కుల కాలమా, కోతల కాలమా? గంటన్నర చర్చ జరిగింది, ఆ రైతు వర్గస్వభావం మీద. ఆయన చేతిలో ఏముందో ఎవరూ అడగలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ అడగలేదు. కెమెరా ఆఫ్ చేసుకుని అంట్లు తోముకుంటున్నాను.

కత్తి విషయంలో మరీ అన్యాయం. మన కథలోకి కత్తి వచ్చిందంటే ఎవరో ఒకరు చావాల్సిందే. సినిమాలోకి వస్తే సుమోలు గాల్లోకి లేవాలి. కుర్రాళ్ళ మాటల్లో ‘కత్తి’ అంటే అదరహో అని. ఇన్ని కత్తులు ఝళిపించే భాషలో, మామూలు రోజున మామూలు ఇంట్లో ఉల్లిపాయ ఎలా తెగుతుందో రాసినవాళ్ళు తక్కువ. నామిని లేడా అంటారు. ఉన్నాడు. ఆయన ఇంట్లో, పొలంలో ప్రతి సామానుకీ పేరుంటుంది. ఆయన్ని పొగిడేటప్పుడు మనం ఏమంటాం? ‘మాండలికం అద్భుతం’ అంటాం. ఆ సామాను మనక్కనిపించదు, దాని పేరు పలికిన యాస మాత్రం వినిపిస్తుంది.

ఇక ప్రతి సభలోనూ కత్తికన్నా కలం గొప్పదని చెప్పడానికి ఒకాయన లేస్తాడు. కలం చెక్కింది దేంతోనండీ? ఈకకైనా రెల్లుకైనా చాకు పెట్టి కొస చెక్కితేనే కలం అయింది. ఇంగ్లీషులో పెన్‌నైఫ్ అన్న పేరు అక్కణ్ణించే వచ్చింది. దక్షిణాదిలో తాటాకుల మీద రాసిన లేఖకుల గంటాలు కొన్ని మ్యూజియంల్లో ఉన్నాయి. ఒకే పిడిలోకి ఇటు గంటమూ అటు చాకూ మడిచి పెట్టుకునే రకం కూడా వాటిలో ఉంది. చాకుతో ఆకు అంచులు కోసుకోవడం, గంటంతో అక్షరం గీసుకోవడం. రెంటిలో ఏది గొప్పదని వాళ్ళు సభ పెట్టుకున్నట్టు లేదు.

అన్నయ్య రెండో ప్రశ్న గట్టిది. “వాళ్ళు ఎవరికి ఓటేశారో అడిగావా?”

అడగలేదు. ఆ బల్ల దగ్గర రాజకీయాలు మాట్లాడకూడదని రూలు. కానీ బయట పార్కింగులో వాళ్ళ ట్రక్కుల మీద స్టిక్కర్లు నాకు కనపడతాయి. రాజకీయాలు వద్దనుకోవడం కూడా రాజకీయమే అంటాడు అన్నయ్య. పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాళ్ళకే ఆ రూలు సుఖంగా ఉంటుందంటాడు. ఆ మాటలో అబద్ధం లేదు. ఆ బల్ల దగ్గర వీసా మీద ఉన్నది నేనొక్కదాన్నే. ఒకసారి ఎవరో ‘మన ఉద్యోగాలు’ అని మొదలుపెట్టి, నావైపు చూసి, టమాటాల్లోకి దిగిపోయారు. ఆ మౌనం నా మర్యాద కోసమా, వాళ్ళ సౌఖ్యం కోసమా అని ఇంటికొచ్చేదాకా ఆలోచించాను. ఇప్పటికీ తేల్చుకోలేదు.

కానీ అన్నయ్యా, మన మీటింగులో అందరి స్టాండూ నాకు తెలుసు. ఎవరు ఏ వాదంలో ఉన్నారో, ఎప్పుడు బయటికొచ్చారో, ఎవరితో ఎందుకు చెడిందో తెలుసు. నీ స్టాండు తెలుసు. నీకు షుగరుందని మాత్రం నిన్న ఫోన్లో పెట్టేసేముందు నువ్వన్న మాటతో తెలిసింది. పదకొండేళ్ళ పరిచయం మనది.

నాన్న పోయినప్పుడు మన గ్రూపులో నలభైకి పైగా చేతులు జోడించిన బొమ్మలొచ్చాయి. పావుగంటలో వాటి కిందే ఎవరో తన కొత్త కథ లింకు పెట్టారు. దానికి ఇంకా ఎక్కువ బొమ్మలొచ్చాయి. కోపంతో చెప్పట్లేదు. అప్పుడు నేనూ ఆ కథకి చప్పట్ల బొమ్మ పెట్టాను.

నాన్న ఆర్టీసీ కండక్టరు, తణుకు డిపో. ఆయన తోలు సంచిలో టికెట్ల ట్రే కింద ఒక చాకు ఉండేది. పేరూ ఊరూ లేని రెండు బ్లేడుల చాకు. తుప్పు పట్టి తెరుచుకోకపోతే, ఇంట్లో పారెయ్యబోతుంటే నేను తెచ్చుకున్నాను. ఇక్కడ ఆఫీసులో ఒకావిడ వాళ్ళ నాన్న ఇలాంటివి చూస్తాడని చెప్పి ఆ బల్ల దగ్గరికి పంపింది. అదీ నేను అక్కడికి చేరిన వైనం.

మొదటి రోజు చాకుని ఆయన చేతికివ్వకుండా బల్ల మీద పెట్టాను. మనింట్లో కత్తి చేతికివ్వరు కదా, తగువులొస్తాయని. ఎందుకలా అని అడిగితే చెప్పాను. వాళ్ళకీ ఒకటుందట: చాకు బహుమతిగా ఇస్తే స్నేహం తెగిపోతుందని, పుచ్చుకున్నవాళ్ళు ఒక పెన్నీ ఇచ్చి కొన్నట్టు లెక్క రాస్తారట. ఆయన తుప్పు మీద మినరల్ ఆయిల్ చుక్క వేసి, గుడ్డతో తుడిచి, ఇంకో చుక్క వేసి, పావుగంట ఓపిగ్గా కదిలించాడు. అందులో చూడ్డానికేం లేదు, నాసిరకం ఇనుము. దాని వెల ఎంతని అడగలేదు, ఏ కంపెనీ అని అడగలేదు. చాకుల్లోనూ కొని బీరువాలో దాచి, ఒక్క యాపిల్ కూడా కొయ్యకుండా రెట్టింపుకి అమ్ముకునేవాళ్ళు ఉన్నారు. లిమిటెడ్ ఎడిషన్లు కొని అట్ట చింపకుండా ఫొటో పెట్టే మనలాంటివాళ్ళన్నమాట. ఈ బల్లకి వాళ్ళంటే పడదు. బ్లేడు ‘టప్’మని తెరుచుకున్నాక ఆయన అడిగింది ఒక్కటే.

“మీ నాన్నగారు దీంతో ఏం కోసేవారు?”

తేగలు, అన్నాను. తేగంటే ఏంటో చెప్పాల్సొచ్చింది. తాటిటెంక పాతిపెడితే మొలిచే మొలక, కాల్చి తింటాం, నిలువునా చీలిస్తే మధ్యలో లేతగా ఒకటుంటుంది, దాన్ని చందమామ అంటాం. ఆఖరి ట్రిప్పు దిగి ఇంటికొచ్చాక చాకుతో చీల్చి చందమామ నాకు పెట్టేవారు. ఇంకా? పెన్సిళ్ళు చెక్కేవారు. ఇంకా? ఇంకా నాకేం తెలీదు. ముప్ఫై ఏళ్ళు ఆయన జేబులో ఉన్నదాని గురించి నాకు రెండే రెండు తెలుసు. తండ్రి మీద నేను రాసిన కవిత ఒకటి అచ్చయింది. అందులో చెమట ఉంది, సూర్యుడున్నాడు, చక్రాలున్నాయి. చాకు లేదు.

ఇక బల్ల మీద నాకున్న తగువు కూడా చెప్పాలి, లేకపోతే అన్నయ్య నన్ను వాళ్ళ తొత్తు అంటాడు. జేబుచాకంటేనే జేబున్నవాళ్ళది. మా నాన్న తేగ చీల్చింది ఏడాదిలో నెలా రెణ్ణెల్లు. అమ్మ కూరలు కోసింది నలభై ఏళ్ళు, రోజుకి రెండు పూటలా. ఆవిడ కత్తిని ఎవరూ భూతద్దంలో చూడరు, చుక్కలు లెక్కపెట్టరు. ఈ మాట బల్ల దగ్గర కొంచెం గట్టిగానే అన్నాను. ఎవరూ నొచ్చుకోలేదు. “అయితే అమ్మది ఎలా ఉంటుంది?” అని టిష్యూ పేపరు ముందుకి తోశారు.

కత్తిపీట గీశాను. కొన్ని చోట్ల ఈలపీట అంటారు. నేల మీద కూచుని, పీట మీద కాలేసి అదిమిపట్టి, నిలబడిన కత్తి మీదికి కూరగాయని తీసుకెళ్ళాలి. కత్తి కదలదు, కాయే కదులుతుంది. కొస దగ్గర పళ్ళుంటాయి, కొబ్బరి కోరడానికి. వాళ్ళు ఆ టిష్యూని చేతులు మార్చుకుంటూ చాలాసేపు చూశారు. రెండు చేతులూ కాయ మీదే ఉంటాయి కదా, ఎంత తెలివి, అన్నాడొకాయన. పదును ఎవరు పెడతారన్నాడు ఇంకొకాయన. భార్యకి తుంటి ఆపరేషన్ ఉన్నాయన అడిగాడు: “ఇప్పటికీ ఆవిడ కింద కూచోగలదా?”

కూచుంటుంది అన్నాను. అని, ఆ రాత్రి ఇండియాకి ఫోన్ చేశాను.

“దాని గురించి అడగటానికా పొద్దున్నే ఫోన్ చేశావు?” అంది అమ్మ. “మోకాళ్ళు వంగక నాలుగేళ్ళయిందే నేను దాని మీద కూచుని. అటక మీద పడేశాం. ఇప్పుడన్నీ చెక్క మీద పెట్టి నుంచునే కొయ్యడం, నాకు ముక్క సమంగా రాదు.” సాన పట్టేవాడు సైకిల్ మీద వచ్చేవాడట, వెనక చక్రం స్టాండు వేసి తొక్కుతుంటే నిప్పురవ్వలు వచ్చేవి, వాటిని చూడ్డానికి నేను పరిగెత్తుకొచ్చేదాన్నట. నాకు గుర్తులేదు. నాన్న ఆ చాకుతో ఇంకేం కోసేవారని అడిగాను. “ఏం కోస్తారూ, నా పెళ్ళిచీర అంచు ఊడితే దారం కోశారు ఒకసారి. వద్దంటే వినకుండా.” నవ్వింది. చాలాసేపు మాట్లాడింది, సాన పట్టేవాడి కూతురి పెళ్ళి దాకా వెళ్ళింది.

పెట్టేసేముందు అడిగింది.

“ఇంతకీ ఆవిడ తుంటి ఆపరేషన్ ఎప్పుడటే? ఒక్కత్తే ఉంటుందా, చేసిపెట్టేవాళ్ళెవరైనా ఉన్నారా?”