ఆకూ ముల్లూ సామెతలో కులం ఎక్కడుంది?

ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, ఆకెళ్లి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే. తెలుగు ఇళ్లలో ఆడపిల్లకు పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి ఈ మాట ఎవరో ఒకరు చెప్పి తీరతారు. అమ్మ కావచ్చు, మేనత్త కావచ్చు, హాస్టల్ వార్డెన్ కావచ్చు. అదే ఇంట్లో పెరిగే మగపిల్లాడికి దీనికి జోడీగా చెప్పే సామెత లేదు. నువ్వు ముల్లువి, చూసుకుని మసలుకోరా అని వాడికెవరూ చెప్పరు. వాడి చెవిన పడేది వేరే మాట: మగాడన్నాక ఆ మాత్రం ఉండదా!

పదో తరగతికి వచ్చేసరికి ఇద్దరికీ పాఠం వంటబడుతుంది. నలుగురు అమ్మాయిల వెంట తిరిగినవాడికి క్లాసులో పేరొస్తుంది. ఒక్క అబ్బాయితో బస్టాపులో మాట్లాడిన అమ్మాయికి పేరు పోతుంది. దీన్ని అకడమిక్ భాషలో లైంగిక ద్వంద్వ ప్రమాణాలు అంటున్నాం. పిల్లలకు ఈ బుద్ధి ఎక్కడినుంచి వస్తోందని అడిగితే సినిమా, ఫోను, స్నేహాలు అని ఠకీమని జవాబొస్తుంది. అవన్నీ నిజమే. కానీ అవి సరుకు మోసుకొచ్చే బళ్లు మాత్రమే. సరుకు తయారయ్యే చోటు కులం అని, దాన్ని వదిలేసి ఆడ, మగ తేడా గురించి మాత్రమే మాట్లాడితే సగం కథే చెప్పినట్టవుతుందని మా వాదన.

ముందు, ఈ సామెత ఎంత పెద్ద కుర్చీ దాకా వెళ్లిందో చూద్దాం. 2023 అక్టోబర్‌లో కలకత్తా హైకోర్టు ఒక పోక్సో కేసులో తీర్పిచ్చింది. అమ్మాయికి పద్నాలుగేళ్లు. నిందితుడికి పాతికేళ్లు. హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా వదిలేసి, కౌమార వయసు పిల్లలకు బాధ్యతల జాబితా రాసింది. అందులో అమ్మాయి తన కోరికల్ని అదుపులో పెట్టుకోవాలని, రెండు నిమిషాల సుఖానికి లొంగితే సమాజం దృష్టిలో నష్టపోయేది తానేనని ఉంది. అబ్బాయి బాధ్యత? అమ్మాయి తన ఆ బాధ్యతల్ని నెరవేర్చుకునేలా గౌరవించడం. అంటే ఆకూ ముల్లూ సామెతే, ఇంగ్లిషులో, కోర్టు ముద్రతో. సుప్రీంకోర్టు ఈ తీర్పును తనంతట తానుగా విచారణకు తీసుకుని 2024 ఆగస్టులో కొట్టేసింది, శిక్షార్హతను పునరుద్ధరించింది. 2025 మేలో మాత్రం, ఆ అమ్మాయి అప్పటి జీవిత పరిస్థితిని చూసి, అతనికి జైలు శిక్ష వేయలేదు. సమాజం ఆమెను తప్పుపట్టిందని, చట్టం ఆమె విషయంలో విఫలమైందని, సొంత కుటుంబం వదిలేసిందని అప్పుడు రాసింది. నేరం చేసినవాడికంటే ఆమెనే ఎక్కువమంది శిక్షించారన్నమాట.

ఈ రెండు తూకాల లెక్కను వందేళ్ల కిందటే విప్పి చూపించినవారు బాబాసాహెబ్ అంబేద్కర్. 1916 మే 9న కొలంబియా యూనివర్సిటీలో ఆయన చదివిన 'భారతదేశంలో కులాలు' వ్యాసాన్ని మనం కుల నిర్మూలనకు తొలి మెట్టుగా చదువుతాం. దాన్ని లైంగికత మీద రాసిన వ్యాసంగా కూడా చదవాలి. సొంత కులంలోనే పెళ్లి అనే నియమం నిలబడాలంటే ఆడ, మగ సంఖ్యలు సరిపోవాలి. భర్త చనిపోతే ఒక స్త్రీ మిగిలిపోతుంది, భార్య చనిపోతే ఒక పురుషుడు మిగిలిపోతాడు. మిగిలిన స్త్రీని ఏం చేశారు? చితి మీద కాల్చారు, లేదా జీవితాంతం విధవగా కట్టడి చేశారు. మిగిలిన పురుషుణ్ణి ఏం చేశారు? అతణ్ణి కాల్చలేరు, అతను మగాడు, కులానికి పనికొచ్చేవాడు. సన్యాసిగా కూర్చోబెట్టినా నష్టమే. అందుకని ఇంకా పెళ్లీడు రాని పసిపిల్లను తెచ్చి కట్టబెట్టారు. సతి, వైధవ్యం, బాల్యవివాహం మూడూ కులం గోడకు పెట్టిన కాపలాలని ఆయన తేల్చారు. ఆడపిల్ల కోరికకు తాళం, మగవాడి కోరికకు ఏర్పాటు. పదో తరగతి పిల్లలు ఇవాళ క్లాసులో పాటిస్తున్నది ఈ పాత లెక్కనే. ఎవరు రాశారో వాళ్లకు తెలియదు, అంతే.

తాళం ఎందుకో తెలిశాక ఇంకో విషయం బయటపడుతుంది. మగాడన్నాక అనే మినహాయింపు మగాళ్లందరికీ లేదు.

మిర్యాలగూడ ప్రణయ్‌కూ అతని భార్యకూ బడి రోజుల నుంచే పరిచయం. అదే కులం అబ్బాయి అయ్యుంటే, మహా అయితే రెండు చెంపదెబ్బలు, ఒక పంచాయితీ, ఆ తర్వాత పెళ్లి. దళితుడు కాబట్టి 2018 సెప్టెంబర్ 14న ఆసుపత్రి గేటు బయట, గర్భవతిగా ఉన్న భార్య కళ్లముందే కత్తి దిగింది. 2025 మార్చి 10న నల్గొండ ప్రత్యేక కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. తీర్పు వచ్చేదాకా సాగిన ఆరున్నరేళ్లలో సోషల్ మీడియాలో జరిగింది కూడా మన పిల్లలు చూశారు. హంతకుల్ని తిట్టినవాళ్లకు సమానంగా ఆ అమ్మాయిని తిట్టినవాళ్లున్నారు. తండ్రి పరువు తీసిందని, చంపించినా తండ్రి తండ్రేనని, ఆ వయసులో ప్రేమేమిటని. చేతిలో ఫోనున్న పద్నాలుగేళ్ల పిల్ల ఆ కామెంట్లు చదివి ఏం నేర్చుకుంటుంది? పద్నాలుగేళ్ల దళిత అబ్బాయి ఏం నేర్చుకుంటాడు? ఇద్దరికీ అందిన పాఠం ఒకటి కాదు. ఆమెకు చెప్పింది, నీ మనసు నీది కాదని. అతనికి చెప్పింది, నువ్వు ముల్లువైతే ఈసారి చిరిగేది ఆకు కాదని.

ఇది కొత్తదేమీ కాదు. 1991లో చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపడానికి ముందు ప్రచారంలో పెట్టిన సాకుల్లో ఒకటి, చదువుకున్న దళిత కుర్రాళ్లు అగ్రకులాల ఆడవాళ్లను ఏడిపిస్తున్నారన్నది. గొడవ మొదలైంది సినిమా హాల్లో కాలు తగిలిందని. కాలు తగిలినా, చూపు తగిలినా దళిత కుర్రాడి విషయంలో అది లైంగిక నేరం కింద జమ అయిపోతుంది. అదే ఊళ్లో పెత్తందారు కొడుకు పొలానికొచ్చిన కూలి అమ్మాయిని ఏమన్నా అది చిలిపితనం.

ఇక దళిత ఆడపిల్ల సంగతి. సామెతలో ఆమెకు ఆకు స్థానం కూడా ఇవ్వలేదు. ఆకు చిరిగితే నష్టమని అన్నారంటే దాన్ని కాపాడుకోదగ్గదిగా ఎవరో లెక్కవేసినట్టు. జోగినీగా ఊరికి వదిలిన పిల్లల్లో అత్యధికులు మాల, మాదిగ ఇళ్లవాళ్లు. దేవుడికి పెళ్లి చేశామని చెప్పి, రజస్వల కాగానే ఊరి పెద్దలకు హక్కు కల్పించిన ఆచారం అది. దాన్ని నేరంగా ప్రకటించే చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 1988లోగానీ రాలేదు. ఒక కులం ఆడపిల్లకు గడప దాటొద్దని తాళం, ఇంకో కులం ఆడపిల్లకు అసలు తలుపే లేకుండా చేయడం. ఈ రెండూ ఒకే ఊళ్లో, ఒకే పెద్దల చేతుల్లో నడిచాయి. ఆడపిల్లల మీద ఆంక్షలు అంటూ అందర్నీ ఒకే గాటన కట్టే స్త్రీవాదంతో దళిత రచయిత్రులు ముప్పై ఏళ్లుగా పేచీ పడుతున్నది ఇక్కడే.

ఇప్పుడు మనకు ఇబ్బందిగా ఉండే భాగం. ఈ చరిత్ర తెలిసిన మన వాడల్లో ఏం జరుగుతోంది? ఊరు మన ఆడవాళ్లను లెక్కలేనివాళ్లుగా చూసింది కాబట్టి, లెక్కలోకి రావడానికి మనమూ తాళాలు కొంటున్నాం. పిల్ల రజస్వల కాగానే బడి మాన్పించే ఇల్లు, ఇంటర్ కాగానే సంబంధం చూసే ఇల్లు, వాళ్ల పిల్లలు పద్ధతిగా ఉంటారని అనిపించుకోవడానికి పడే తాపత్రయం. అమ్మల భయంలో నిజం లేదని మేము అనడం లేదు. వాడ దాటి రోడ్డెక్కిన పిల్లకు ఏం జరగొచ్చో వాళ్లకు బాగా తెలుసు, జరిగితే పోలీస్ స్టేషన్లో ఎలా మాట్లాడతారో ఇంకా బాగా తెలుసు. కానీ భయం పేరుతో మొదలైన కట్టడి ఒక తరం గడిచేసరికి గౌరవం పేరు తగిలించుకుంటోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్కల్లో, 20 నుంచి 24 ఏళ్ల వయసు స్త్రీలలో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఇవి అన్ని కులాల లెక్కలు. ఈ పెళ్లిళ్ల వెనక పేదరికం ఉంది, కట్నం పెరుగుతుందన్న లెక్క ఉంది. వాటితోపాటు, పిల్ల ఎవడితోనో వెళ్లిపోతుందేమో అన్న భయమూ ఉంది. అంబేద్కర్ చెప్పిన మూడో కాపలా అదే.

మగపిల్లల సంగతీ చూడాలి. ప్రణయ్ వర్ధంతికి స్టేటస్ పెట్టే కుర్రాడే ఇంటికెళ్లి చెల్లి ఫోను తీసి చూస్తాడు. యూనివర్సిటీలో కులాంతర వివాహాల మీద ఉపన్యాసమిచ్చే అన్న, సంఘంలో కొత్తగా చేరిన అమ్మాయి ఎవరితో టీ తాగిందో ఆరా తీస్తాడు. విద్యార్థి రాజకీయాల్లో కొన్నేళ్లు గడిపిన ఎవరికైనా ఇది చెప్పక్కర్లేదు.

సినిమాలు ఇక్కడే తమ పని తాము చేస్తాయి. 2023లో వచ్చిన 'బేబీ'ని గుర్తుచేసుకోండి. బస్తీ పిల్ల, బడి నుంచీ ప్రేమిస్తున్న ఆటో డ్రైవర్, ఇంజనీరింగ్ కాలేజీలో పరిచయమైన డబ్బున్న కుర్రాడు. బస్తీలో ఉన్నంతకాలం ఆ పిల్లకు నల్లరంగు పూశారు. కాలేజీకెళ్లగానే తెల్లబడింది, తెల్లబడగానే చెడిపోయింది. బస్తీ పిల్ల చదువుకుని బయటికెళితే ఏమవుతుందో అని మన వాడల్లో ఉన్న భయానికి ఇంతకంటే పెద్ద పోస్టర్ లేదు. థియేటర్లలో కుర్రాళ్లు హీరోయిన్‌ను బూతులు తిట్టారు. 2025లో ప్రకటించిన జాతీయ అవార్డుల్లో ఉత్తమ స్క్రీన్‌ప్లేల్లో ఒకటిగా దీన్ని ఎంపిక చేశారు.

2025 మార్చిలో వచ్చిన 'కోర్ట్' దీనికి ఎదురు దిక్కున నిలబడింది. పదిహేడేళ్ల అమ్మాయి, పందొమ్మిదేళ్ల పేద కుర్రాడు, పరువు కోసం పోక్సోను ఆయుధం చేసే మేనమామ మంగపతి. ఆ చట్టాన్ని అలా వాడటం కల్పన కాదు. అస్సాం, మహారాష్ట్ర, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాల్లో 2016 నుంచి 2020 దాకా వచ్చిన ఏడు వేలకు పైగా పోక్సో తీర్పుల్ని ఎన్‌ఫోల్డ్ సంస్థ పరిశీలిస్తే 24.3 శాతం ప్రేమ వ్యవహారాలని తేలింది. వాటిలో ఎక్కువ ఫిర్యాదులు అమ్మాయి ఇంటివాళ్లవే. సినిమా ఈ విషయం బాగానే చెప్పింది, కానీ రెండిళ్ల మధ్య ఉన్న దూరాన్ని డబ్బుగానే చూపించింది. కులం పేరు నోట రాలేదు. పరువు అన్న మాట మాత్రం వినబడుతూనే ఉంటుంది. కులం లేకుండా పరువు ఎక్కడినుంచి వచ్చిందో దర్శకుడికే తెలియాలి.

ఆ మంగపతి పాత్ర వేసిన శివాజీ డిసెంబర్‌లో 'దండోరా' సినిమా వేడుకలో హీరోయిన్ల బట్టల మీద మాట్లాడి, తెలంగాణ మహిళా కమిషన్ నోటీసు అందుకుని, క్షమాపణ చెప్పారు. విమర్శలన్నీ ఆయన వాడిన మాట చుట్టూ తిరిగాయి. అది కుల వివక్ష మీద తీసిన సినిమా వేడుక అన్న సంగతి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. కులానికి వ్యతిరేకంగా కట్టిన వేదిక మీద ఆడవాళ్ల బట్టల గురించి సుద్దులు చెప్పొచ్చని ఒకరికి అనిపించడం, చాలామందికి అందులో వైరుధ్యమే కనిపించకపోవడం మమ్మల్ని ఆ మాటకంటే ఎక్కువ ఆలోచింపజేశాయి. మన సభల్లో కూడా ఈ రెండూ వేర్వేరు సబ్జెక్టులే కదా.

ఎప్పుడూ ఇలా లేదు. 1934లో ఆర్.డి. కర్వే నడిపే 'సమాజ్ స్వాస్థ్య' అనే మరాఠీ పత్రికపై అశ్లీలత కేసు పెట్టారు. పాఠకులు లైంగిక విషయాల మీద అడిగిన ప్రశ్నలకు జవాబులు అచ్చువేయడమే నేరం. బొంబాయి హైకోర్టులో కర్వే తరఫున నిలబడి వాదించింది అంబేద్కర్. కేసు ఓడిపోయారు. 1938 నవంబర్‌లో గర్భనిరోధక సాధనాలు అందుబాటులోకి తేవాలని బొంబాయి శాసనసభలో పెట్టిన తీర్మానం ఆయన పార్టీది. అదీ ఓడిపోయింది. ఓడిపోయిన ఈ రెండింటినీ మన జయంతి ఉపన్యాసాల్లో వినడం అరుదు.

సంక్షేమ హాస్టళ్లలో ఏప్రిల్ 14కి వ్యాసరచన, వక్తృత్వ పోటీలు ఎలాగూ ఉంటాయి. రాజ్యాంగ నిర్మాత, విద్య ప్రాధాన్యం లాంటి అంశాలు పిల్లలకు కంఠతా వచ్చేశాయి. ఈసారి ఒక గంట తీసి, 1916 నాటి ఆ చిన్న వ్యాసంలో మిగిలిపోయిన స్త్రీ, మిగిలిపోయిన పురుషుడు గురించి ఉన్న నాలుగు పేజీలు తొమ్మిది, పది తరగతుల పిల్లలతో చదివించవచ్చు. తెలుగులో దొరుకుతుంది. బాలుర హాస్టల్లో ఒకసారి, బాలికల హాస్టల్లో ఒకసారి కాకుండా, ఇద్దర్నీ ఒకే హాల్లో కూర్చోబెట్టి. ముందు ఆ హాలుకు ఇద్దరు వార్డెన్లూ ఒప్పుకోవాలి.