తీగ తెగిన దోషము బాలునిదా?

బడికి రాని పిల్లవానిని గూర్చి ఉపాధ్యాయుడు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న "ఏల రాలేదు?" అనునది. వెనుకటి పల్లెపంతుళ్లు ఈ ప్రశ్నకు సమాధానమును వెదకుచు పిల్లవాని ఇంటికే పోయెడివారు. జ్వరము వచ్చినదా, పొలము పనికి పోయెనా, వాగు పొంగి దారి మూసినదా యని విచారించెడివారు. పాఠము ఇంటర్నెట్టు మూలమున ఇంటికి వచ్చుట మొదలైనప్పటినుండి ఈ ప్రశ్న మూగవోయినది. తెరపై ఒక పేరు కనబడును, మరునిమిషమున మాయమగును. పిల్లవాడు పాఠము నొల్లక తొలగెనో, సిగ్నలు తెగి వెలుపల పడెనో గురువునకు తెలియదు. హాజరుపట్టీలో మాత్రము రెంటికిని గుర్తు ఒకటే. ఆడలేనివాడు మద్దెల ఓడనుట మన సామెత. ఇచట మద్దెల నిజముగనే ఓడై యుండగా ఆటగానిని దండించుచున్నాము. ఈ అన్యాయమును గూర్చియే నేడు రెండు మాటలు వ్రాయ నెంచితిమి.

ఇది 2020 నాటి కథ కదా, మహమ్మారితోనే ముగిసినది కదా యని కొందరు అనవచ్చును. ముగియలేదు. 2024 నవంబరులో ఢిల్లీ నగరమున గాలి విషమై, బడులు మూసి పాఠములను తెరపైకి మార్చినప్పుడు, అట్టి చదువునకు తగిన సాధనములు లేని పిల్లలు అనేకులున్నారని సుప్రీంకోర్టే ఎత్తిచూపవలసి వచ్చినది. రేపు మన తీరమును తుపాను తాకి బడులు మూతపడినను ఈ మార్గమునే వెదకుదుము. ఆ తుపానే విద్యుత్తును, టవరును కూడ కూల్చునని అప్పుడు మరతుము. కావున ఆపద లేని వేళనే ఆలోచించుట యుక్తము.

గతమును ఒకమారు స్మరింతము. 2020 మార్చిలో దేశమంతటను బడులు మూతపడెను. యూనిసెఫ్ లెక్క ననుసరించి 15 లక్షల పాఠశాలల మూసివేత 24 కోట్ల 70 లక్షల బాలబాలికల చదువును తాకినది. ఇంట కూర్చుండి చదువుకొనుడని చెప్పుట సులభమే. ఆ ఇండ్లు ఎట్టివి? 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ విడత ప్రకారము, ఇంటర్నెట్టు సౌకర్యము గల కుటుంబములు పట్టణములలో నూటికి 42 కాగా, పల్లెలలో నూటికి 15కు లోపే. కంప్యూటరు గల పల్లె కుటుంబములు నూటికి 5 అయినను లేవు. ఆ పిదప ఫోనులు పెరిగిన మాట నిజము. కాని ఇంట ఒక ఫోను ఉండుటయు, ప్రతి బిడ్డకు పాఠము అందుటయు ఒకటి కాదు. తండ్రి పనికి పోయిన ఫోనును వెంట పోవును. అన్నకు పాఠము జరుగు వేళ చెల్లెలు ఊరకుండవలయును.

ఫోను చేతికి వచ్చినదే యనుకొందము. అంతటితో పాఠము వచ్చునా? తీగ యని మేమనుచున్నాము గాని, పల్లెలో పాఠము చివరి మజిలీ గాలిలోనే నడచును. ఒక టవరుకు గల శక్తిని చుట్టుపట్ల ఫోనులన్నియు పంచుకొనును. ఉదయము పదిగంటలకు ఊరి పిల్లలందరును ఒక్కమారు పాఠము తెరచినచో ఒక్కొక్కరి పాలు సన్నగిల్లును; బొమ్మ నిలిచిపోవును, గురువుగారి మాట ముక్కలు ముక్కలగును. కొండ అడ్డమైనచో సిగ్నలు దాటిరాదు. విద్యుత్తు పోయినచో టవరు కొంతసేపు బ్యాటరీపై నడచి, ఆ పిదప అదియు మూగబోవును. 2020లో ఏజెన్సీ ప్రాంతపు విద్యార్థులు పుస్తకము చంకనిడుకొని కొండలెక్కినది వినోదమునకు కాదు. సిగ్నలు దొరకు ఎత్తును వెదకుకొనుచు ఎక్కిరి.

ఇక ఖర్చును చూతము. సెకనుకు ఒక మెగాబిట్టు చొప్పున వచ్చు వీడియో పాఠము 45 నిమిషములు నడచినచో సుమారు 340 మెగాబైట్లు వ్యయమగును. దినమునకు 1.5 గిగాబైట్లు ఇచ్చు రీచార్జి గల ఇంట అట్టి పాఠములు ఐదు వినదలచిన, ఐదవది నడుమనే సరకు నిండుకొనును. రెండవ బిడ్డ మాట అడుగనే వలదు. అదే పాఠమును కేవలము స్వరముగా, సెకనుకు 32 కిలోబిట్ల చొప్పున పంపినచో 11 మెగాబైట్లు చాలును. అనగా ముప్పదవ వంతు. ఒక పుట అక్షరములకైతే కొన్ని కిలోబైట్లే పట్టును. సన్నని కాలువలో ఓడను నడపుదుమని పట్టుపట్టి, ఓడ కదలకున్న కాలువ గట్టున నిలిచిన వానిని నిందించుట వివేకమా?

ఆ కష్టకాలమున మంచి పనులును జరిగినవి. తెలంగాణమున 2020 సెప్టెంబరు 1వ తేదీనుండి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ప్రసారముల మూలమున పాఠములు చెప్పిరి. ఆంధ్రప్రదేశమున సప్తగిరి ప్రసారములు పదవ తరగతి వారికి తోడ్పడెను. కేరళమున జూన్ 1వ తేదీననే విక్టర్స్ ప్రసారమున పాఠములను ప్రారంభించి, ఇంట టీవీ లేని పిల్లలకై గ్రంథాలయములలో టీవీలు నెలకొల్పిరి. టీవీ పాఠమునకు డేటా ఖర్చు లేదు, టవరు రద్దీ లేదు. దాని లోపమెల్ల ఒక్కటే: పిల్లవాడు ప్రశ్నించిన అది బదులు చెప్పదు.

పదిమంది ఒక్కచోట గూడి వినుట మనకు క్రొత్తయు కాదు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఏటీఎస్-6 అను అమెరికా ఉపగ్రహము మూలమున మన దేశమున ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు విద్యాప్రసారములు అందినవి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ మొకటి. నాడు ఇంటికొక పెట్టె నీయలేదు. ఊరుమ్మడి స్థలమున ఒక్క పెట్టె నుంచి, అది చక్కగా పనిచేయునట్లు చూచిరి. ఇంటింట నున్న బలహీనమైన పది సంబంధములకంటె ఊరి నడుమ నున్న గట్టి సంబంధ మొకటి మేలను సూత్రము అందు కలదు.

వీనినుండి మేము తీయు నిర్ణయములు నాలుగు.

మొదటిది, పాఠమును కూర్చువారు పట్టణములోని వేగమును గాక, తరగతిలో అందరికంటె బలహీనమైన సంబంధము గల బిడ్డను దృష్టియందుంచుకొని కూర్చవలయును. అక్షరము మొదట, స్వరము పిదప, వీడియో చివర రావలయును.

రెండవది, ప్రత్యక్షముగా జరిగిన ప్రతి పాఠమును అదే దినమున దింపుకొనుటకు వీలుగా నుంచవలయును. రాత్రి టవరు తీరికగా నున్నప్పుడు దింపుకొని మరునాడు చదువుకొను బిడ్డ ఎందులో తక్కువ? సందేహ నివృత్తికి ఉపాధ్యాయుడు వారమున కొకమారైన మామూలు ఫోనులో పిలిచి మాటలాడవలయును.

మూడవది, సంబంధము తెగినందున హాజరు పోరాదు; మార్కులు తగ్గరాదు. పరీక్ష నడుమ తెర ఆరిపోయినచో మరల వ్రాయు అవకాశము నియమముగా నుండవలయునే గాని యాచించి పొందు దయగా నుండరాదు. దీనిని సాకుగా గొని సోమరులు తప్పించుకొందురని కొందరందురు. కొందరు తప్పించుకొందురు గాక! ఒక సోమరి తప్పించుకొనుట సహింపరాని తప్పగునా, పది శ్రద్ధావంతులు శిక్షింపబడుట తప్పు కాకపోవునా?

నాలుగవది, ప్రతి గ్రామమున నమ్మదగిన సంబంధము గల ఒక చదువుగది వలయును. రెండున్నర లక్షల పంచాయతులకు కాంతితంతువులను కొనిపోవుటకై 2011లో కేంద్రము ఆమోదించిన పథకమే నేటి భారత్‌నెట్. 2023 ఆగస్టులో దాని విస్తరణకై 1.39 లక్షల కోట్ల రూపాయలు మంజూరైనవి. ఇంత ధనముతో వచ్చిన తీగ పంచాయతీ కార్యాలయపు గోడకు వ్రేలాడుచుండిన ప్రయోజనమేమి? అది గ్రంథాలయమునకు రావలయును. అచట పది బల్లలు, విద్యుత్తు పోయినను నిలుచు బ్యాటరీ, సాయంకాలము తలుపు తెరచు మనిషి యొకడు ఉండవలయును.

ఇది దానమడుగుట కాదు. ఒక కళాశాల వసతిగృహమున ఫోను వాడుకపై విధించిన నిర్బంధమును గూర్చిన వ్యాజ్యమున, ఇంటర్నెట్టును పొందు హక్కు విద్యాహక్కునందును, గోప్యతాహక్కునందును భాగమేయని 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు తీర్పు చెప్పినది. ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు బిడ్డలకు ఉచిత విద్య ప్రాథమిక హక్కని రాజ్యాంగమే పలుకుచున్నది. ఆ విద్యను ప్రభుత్వము తెరమీదికి మార్చినచో తెరవరకు దారి వేయుటయు ప్రభుత్వపు విధియే యగును.

అయినను ప్రభుత్వము వచ్చువరకు వేచియుండుట మన గ్రంథాలయోద్యమపు సంప్రదాయము కాదు. 1935లో పెదవడ్లపూడి, కొల్లూరు నడుమ కాలువపై పుస్తకములను పడవలో త్రిప్పిరి. పాఠకుడు గ్రంథాలయమునకు రాజాలనిచో గ్రంథాలయమే పాఠకుని రేవునకు పోయినది. రాలేని తప్పును పాఠకునిపై మోపవలెనని నాటివారికి తోచలేదు. దూరమును తగ్గించు ఉపాయమే తోచినది. నేటి పఠనమందిరముల సభ్యులకు మా విన్నపమొకటి. మీ మందిరమున సంబంధమున్నచో సాయంకాలము రెండు గంటలు దానిని పిల్లలకు విడువుడు. లేనిచో ఈ మాసపు సమావేశముననే చందా ఎత్తుడు. మీ ఊరి బడికి పోయి, గత సంవత్సరమున తెర ఆరిపోయిన కారణమున ఎందరు గైరుహాజరైరో అడుగుడు. ఆ లెక్క ఎవ్వరును వ్రాసియుంచలేదని వారు చెప్పినచో, వ్రాయుట నేటినుండి మొదలుపెట్టింపుడు. "ఏల రాలేదు?" అను ప్రశ్న బడిలో మరల వినబడిననాడు సగము న్యాయము జరిగినట్లే.