ఆస్పత్రికి దుబాసీ అక్కరలేదా?

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అని మన సామెత. కొరాపుట్, రాయగడ జిల్లాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో అది చెల్లదు. అక్కడ రోగి కోరిందేమిటో వైద్యునికి తెలియదు, వైద్యుడు చెప్పిందేమిటో రోగికి తెలియదు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేవరకు ఈ సీమ మద్రాసు రాజధానిలోనిది. 1992లో కొరాపుట్ నుంచి రాయగడ విడివడింది. సరిహద్దు గీతలు మారాయి గాని జనం నోళ్లు మారలేదు. కువి, కుయి, దేశియ, గదబ, సవర, తెలుగు నేటికీ సంతలలో వినబడతాయి. కటకంలోనో బరంపురంలోనో చదివిన వైద్యుడు ఒడియాతో, ఆంగ్లంతో వస్తాడు. అది ఆయన తప్పు కాదు.

రోగి మాట అందకపోతే పక్కగదిలో సూది వేస్తున్న నర్సును పిలవాలి. ఆమె రాగానే అక్కడి పని ఆగుతుంది, ఇక్కడి వరుస కదలదు. నర్సు లేకుంటే ఊడ్చే మనిషే దుబాసీ. పరాయి మగవాని నోట తన బాధ చెప్పించలేక ఆడమనిషి దాచుకుంటుంది. మాత్ర పూటకొకటో రోజుకొకటో తేలక రోగి మళ్లీ వస్తాడు. కొండప్రాంతాలలో 20,000 మందికి ఒక కేంద్రమన్నది జాతీయ ప్రమాణం. అంతమందిని చూడవలసినవాని కాలం ఇలా కరిగిపోతుంటే, వైద్యుల కొరత అని వాపోతే సరిపోతుందా? కొరత నిజమే. ఉన్నవారినైనా పని చేయనివ్వాలి కదా!

తగిన సమాచారం తెలిసి ఇచ్చిందే సమ్మతి అని 2008లో సమీరా కోహ్లీ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు చెప్పింది. అర్థంకాని కాగితంపై వేలిముద్ర సమ్మతి ఎలా అవుతుంది? నిందితునికి తెలియని భాషలో సాక్ష్యం నమోదైతే, తెలిసిన భాషలో వినిపించాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడూ, 2024లో దాని స్థానే వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితా రెండూ అంటున్నాయి. నిందితునికున్న రక్షణ జ్వరంతో వచ్చినవానికి లేదా?

2006-07లో ఒడిశా ప్రభుత్వమే కువి, కుయి, సవర సహా పది గిరిజన భాషలను బడిలోకి తెచ్చింది. బడి గడప దాటిన భాష ఆస్పత్రి గడప దగ్గర ఎందుకు ఆగాలి?

స్థానిక భాషలెరిగినవారిని జీతమిచ్చి దుబాసీలుగా నియమించాలి. ఓపీ చీటీపై రోగి భాష రాయాలి. మందు వాడే తీరు బొమ్మలతో తెలపాలి. కొత్త వైద్యునికి ఆ చోటి మాట నేర్పాలి.

ఇవి తెలుగుకే అడిగితే స్వార్థమవుతుంది. పార్వతీపురం, విశాఖ ఆస్పత్రులకు వచ్చే ఒడియా, కువి రోగులకూ ఇదే హక్కు ఉంది. అది మనం ఇచ్చిననాడే మన కోరికకు బలం.