గోడ గీసిన రోజే కూలీ లెక్క తేలుతుంది



బెంగుళూరు కేంబ్రిడ్జ్ లేఅవుట్‌లో ఒక పోస్టాఫీసు ఉంది. 2023 ఆగస్టు 18న ప్రారంభించారు. విస్తీర్ణం 1,021 చదరపు అడుగులు. 43 రోజుల్లో లేచింది. గోడలకు ఇటుక లేదు, తాపీ లేదు. కంప్యూటర్‌లో వేసిన నక్షా ప్రకారం మిషను త్వరగా గట్టిపడే కాంక్రీటును పొర మీద పొరగా పోసుకుంటూ పోయింది. మద్రాసు ఐఐటీ వారు సలహా ఇచ్చారు, ఎల్ అండ్ టీ కంపెనీ కట్టింది.

నూలు, గుడ్డ పని చేసే మనకు దీంతో ఏం సంబంధమని కొందరు అడిగారు. సంబంధం ఉంది. మిల్లు గేట్లు మూతపడ్డాక మన పిల్లలు ఎక్కడికి పోయారు? సెంట్రింగు, ప్లాస్టరింగు, టైల్సు పనికే గదా! ఇది కొత్తదీ కాదు. ముంబైలో కామాటిపుర అన్న పేరు వచ్చిందే తెలుగు నేల నుంచి వలస వచ్చి ఆ నగరంలో ఇళ్లు కట్టిన కామాటీల వల్ల.

ఒక సంగతి బాగా గమనించాలి. మూల వంకరగా ఉంటే మేస్త్రీ చెయ్యి తిప్పి సరిచేస్తాడు. మిషనుకు అది చేతకాదు. అందుకని భవనాన్నే మిషనుకు తగ్గట్టు గీస్తారు. జపాన్‌లో షిమిజు కంపెనీ 1990 దశకం మొదట్లో నగోయాలో 20 అంతస్తుల భవనాన్ని ఇలాగే కట్టింది. స్తంభాలు, దూలాలు ముందే తయారై వచ్చాయి. మిషను ఎత్తి కూర్చోబెట్టడానికి వీలుగా అతుకులు గీశారు. అంటే ఎంతమంది కూలీలు కావాలన్నది పునాది తవ్వకముందే, కాగితం మీదే తేలిపోతుంది.

ఈ పాఠం మనకు తెలిసిందే. మిల్లు షెడ్డు కట్టిందే మిషను కోసం. తేమ పోతే దారం తెగుతుందని కిటికీలు మూశారు. దారం తెగలేదు, మన ఊపిరి తెగింది. ముప్పై ఏళ్ల కిందట మేము పనిచేసిన మిల్లులో ఒకనాడు సాంచా ఖాతా నేల తవ్వి కొత్త పునాదులు పోశారు. మరమ్మతు అనుకుని మురిసిపోయాం. కొత్త సాంచాలు దిగిన వారానికి గేటు మీద పేర్ల లిస్టు అంటించారు. అప్పుడు అరిచాం. కానీ అరవాల్సింది పునాది పోసిననాడు.

మేము మిషనుకు శత్రువులం కాము. పరంజా మీది నుంచి పడి చచ్చే చావు తప్పితే, సిమెంటు బస్తా మోసి నడుము విరగకుంటే ఎవరికి చేదు? 1928లో బొంబాయి మిల్లు కార్మికులు ఆరు నెలలు సమ్మె చేసింది సాంచాను పగలగొట్టడానికి కాదు. తక్కువ మందితో ఎక్కువ సాంచాలు నడిపిస్తే లాభం ఎవరిదని అడగడానికి.

ఇవాళ ఇంకో చిక్కు ఉంది. నిర్మాణ కార్మికుడు సంక్షేమ బోర్డులో లబ్ధిదారు కావాలంటే ఏడాదిలో 90 రోజుల పని చూపాలి. ఒక్కొక్క కట్టడం 43 రోజుల్లో, కొద్దిమంది చేతుల మీద అయిపోతే ఆ 90 రోజులు పూర్తి చేయడానికి మనవాడు ఎన్ని సైట్లు తిరగాలి? సెస్సు భవనం ఖర్చు మీద వసూలవుతూనే ఉంటుంది. డబ్బు బోర్డులో ఉంటుంది, కార్మికుడు బయట ఉంటాడు.

అందుకే మేము కోరేది మూడు. సర్కారు సొమ్ముతో మిషన్ల మీద కట్టే ప్రతి భవనానికి, నక్షా మంజూరు చేసేటప్పుడే ఎంతమందికి ఏ పని ఉంటుందో రాసి కార్మికులకు చూపాలి. ఆ మిషను నడిపే పని ముందుగా తాపీ, సెంట్రింగు పనివారికి కూలీ ఇచ్చి నేర్పాలి. 90 రోజుల షరతు సడలించాలి.

మన పిల్లల్లో ఎవరెవరు నిర్మాణ పనిలో ఉన్నారో, వారికి బోర్డు కార్డు ఉందో లేదో ప్రతి ఖాతా ప్రతినిధి రాసి ఆఫీసుకు ఇవ్వాలి. పునాది తవ్వుతుంటే చూస్తూ ఊరుకోవడం ఒక్కసారి చాలు.