ఉప్పుగాలిలో ఉక్కుగుర్రం

‘‘మావయ్యా, పాతికవేలు పంపిస్తున్నా. బండికి మంచి సౌండొచ్చే సైలెన్సరు, ముందు రెండు ఫాగ్‌లైట్లు, సైడుకి క్రాష్‌గార్డు వేయించు. నేను సెలవుకొచ్చేసరికి ఊరు అదిరిపోవాలి!’’

గల్ఫ్‌లో వెల్డింగు పనిచేస్తున్న మా పెద్ద మేనల్లుడి ఫోను అది. వాడి బండి ఉన్నది మందస మండలంలో, సముద్రానికి కూతవేటు దూరంలో, మా అక్కావాళ్ల ఇంటి వెనక కొబ్బరాకుల పాక కింద. మూడేళ్లక్రితం విశాఖలో ఒకాయన దగ్గర కొన్నాడు. నాలుగొందల సీసీకి కాస్త తక్కువ, బరువు 180 కిలోల పైన. అమ్మలా అన్నం పెట్టకపోయినా, అలంకారానికి మాత్రం లోటు చేయడు మావాడు!

సరే, ఆదివారం పూట వెళ్లి చూశాను. టార్పాలిన్ తీయగానే తెలిసింది... ఊరు అదరడం సంగతి తర్వాత, ముందు బండి బతకాలి.

ఇదేం జాతి?

రేసుబండిలా పరిగెత్తాలి, కానీ నడుం విరగకూడదు. ఎదురుగాలి ఛాతీకి తగలకుండా ముందొక కవచం ఉండాలి. వెనకాల మనిషో, సామానో ఉన్నా రోజుకి నాలుగైదొందల కిలోమీటర్లు పోగలగాలి. ఇలాంటి బళ్లని స్పోర్ట్ టూరర్లు అంటారు. 1976లో జర్మనీకి చెందిన బీఎండబ్ల్యూ కంపెనీ ‘ఆర్ 100 ఆర్‌ఎస్’ అనే బండికి గాలిసొరంగంలో పరీక్షించి మరీ నిండుకవచం తొడిగింది. ఈ జాతికి పెద్దన్న అదే.

మనదగ్గర ఆ రుచి మధ్యతరగతికి చూపించింది 2003లో వచ్చిన హీరోహోండా కరిజ్మా. 223 సీసీ, ముందు సగం కవచం, డిస్కు బ్రేకు. ఆ తర్వాత 2007లో పల్సర్ 220, 2011లో హోండా సీబీఆర్ 250ఆర్, 2016 డిసెంబరులో 373 సీసీ డామినార్ వచ్చాయి. కరిజ్మా పేరు మధ్యలో మరుగునపడినా, 2023లో 210 సీసీ ఇంజిన్‌తో మళ్లీ పుట్టింది. ఇచ్ఛాపురం నుంచి టెక్కలి మీదుగా పోయే జాతీయ రహదారి... ఒకప్పటి ఐదో నంబరు, ఇప్పటి పదహారో నంబరు... నాలుగు వరుసలయ్యాక ఇటువంటి బళ్ల మీద మన కుర్రాళ్ల మోజు ఇంకా పెరిగింది. దారి బాగుంది, బండి బాగుంది. బాగోలేనిదల్లా ఒక్కటే, గాలి!

అక్కడ యజమాని... ఇక్కడ బండి

ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస... పచ్చగా ఉంటుంది. కానీ ఇంటికొకరో ఇద్దరో చెన్నైకో, హైదరాబాద్‌కో, గల్ఫ్‌కో, సైన్యంలోకో వెళ్లినవాళ్లే. ఏడాదికొక నెల సెలవు. మిగతా పదకొండు నెలలు బండి పాకలో పడుకునే ఉంటుంది. తిరిగే బండికన్నా పడుకున్న బండే ముందు పాడవుతుందన్న సంగతి చాలామందికి తట్టదు.

సముద్రపు గాలిలో కంటికి కనబడని ఉప్పు ఉంటుంది. అది ఇనుము మీద వాలి, గాలిలోని చెమ్మని పీల్చుకుని, పల్చటి ఉప్పునీటి పొరలా మారుతుంది. ఆ పొర కిందే తుప్పు మొదలవుతుంది. మామూలు తడైతే ఎండకి ఆరుతుంది. ఉప్పుతడి ఓ పట్టాన ఆరదు. ఇనుముకి ఎర్రతుప్పు, అల్యూమినియానికి తెల్లబూజు. పైన గాలాడని ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పామా... లోపల ఆవిరిపట్టినట్టే!

‘‘నాను ప్రతీ ఆదోరం రెండు నిమిషాలు స్టార్ట్ చేసేవోణ్నే బామ్మర్దీ. మూణ్నెల్లు పోయాక అదే పలకడం మానీసినాది’’ అన్నాడు మా బావ.

ప్రేమతో చేసిన పనే, కానీ ఆ రెండు నిమిషాలే కొంప ముంచాయి. స్టార్ట్ చేసినప్పుడు బ్యాటరీలోంచి పోయిన కరెంటు రెండు నిమిషాల్లో తిరిగి చేరదు. పెట్రోలు మండినప్పుడు పుట్టే నీటిఆవిరి, సైలెన్సరు బాగా వేడెక్కకపోతే బయటికి పోదు. లోపలే నీరై నిలిచి, లోపల్నుంచే తినేస్తుంది. పోనీ తోసి స్టార్ట్ చేద్దామా? ఫ్యూయెల్ ఇంజెక్షన్ బండికి పెట్రోలు పంపు తిరగాలన్నా కరెంటే కావాలి. బ్యాటరీ పూర్తిగా చచ్చాక ఊరంతా కలిసి తోసినా లాభం ఉండదు.

‘‘కొంచెం గట్టిగా పట్టాలి, అంతే!’’

రెండు నెలల క్రితం చిన్న మేనల్లుడు చదువు ముగించుకుని ఇంటికొచ్చాడు. పక్కింటి బ్యాటరీతో తీగలు కలిపి బండిని లేపాడు. అప్పట్నుంచీ నెలకోసారి వాళ్ల నాన్నని వెనక కూర్చోబెట్టుకుని, హరిపురం దగ్గర హైవే ఎక్కి, పలాస తీసుకెళ్తున్నాడు. 2023 డిసెంబరులో అక్కడ మొదలైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రిలో మా బావకి నెలనెలా రక్తపరీక్ష. ఉద్దానంలో ఇది ఏ ఇంటికీ కొత్త సంగతి కాదు. ఆయనది ఇంకా మందులతో అదుపులో ఉన్న దశ. పరీక్ష తప్పకూడదన్నది డాక్టరు మాట.

‘‘బండి ఎలా ఉందిరా?’’ అనడిగాను చిన్నవాణ్ని.

‘‘బానే ఉంది మావయ్యా. ముందు బ్రేకు కొంచెం గట్టిగా పట్టాలి, అంతే!’’

‘అంతే’ అన్న మాట వినగానే నా గుండె గుభేల్‌మంది. వెంటనే బండిని కాశీబుగ్గ తీసుకెళ్లాం. నేను నడిపాను, నెమ్మదిగా.

అక్కడి మెకానిక్ ముప్పై ఏళ్లుగా స్పానర్ పట్టినవాడు. ముందు చక్రం తిప్పి చూశాడు, బ్రేకు పట్టి చూశాడు, లేచి చేతులు తుడుచుకున్నాడు.

‘‘బాబూ, ఇది ఆగడం నేదు. ఆగినట్టు నటిస్తన్నాది.’’

విప్పితే తెలిసింది. డిస్కుని నొక్కే రెండు పిస్టన్లలో ఒకటి తుప్పుపట్టి బిగుసుకుపోయింది. బ్రేకు ఆయిలు తేనెరంగు పోయి టీ డికాక్షన్‌లా ఉంది. ఈ ఆయిలు గాలిలోని చెమ్మని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. చెమ్మపట్టాక ఆ హద్దు 155కి దిగొచ్చు. వరసగా బ్రేకులు వేసి వేడెక్కినప్పుడు ఆయిలు మరిగితే, లీవరు మెత్తగా లోపలికి పోతుంది కానీ బండి ఆగదు. అందుకే బండి తిరిగినా తిరగకున్నా రెండేళ్లకోసారి మార్చాలి.

‘‘ఏబీఎస్ ఉంది కదా!’’ అన్నాడు చిన్నవాడు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. దానికి ముందు తయారైనదే అయినా మావాడి బండికీ ఉంది. కానీ ఏబీఎస్ చక్రం బిగుసుకుపోయి జారకుండా చూస్తుందే తప్ప, లేని బ్రేకుని తెచ్చివ్వదు. లెక్క చూడండి. గంటకి 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 22 మీటర్లు. మంచి బ్రేకుతో 35 మీటర్లలో ఆగే బండి, పట్టు సగానికి తగ్గితే 70 మీటర్ల దాకా పోతుంది. ఆ మిగతా 35 మీటర్లలో ఏ ఆవు అడ్డొస్తుందో, ఏ లారీ నిలబడి ఉంటుందో!

ఎలుకల సంసారం

తర్వాత టైర్లు. గాడులు నిండుగానే ఉన్నాయి. కానీ పక్కన అండాకారపు గడిలో 3318 అని ఉంది. అంటే 2018లో ముప్పైమూడో వారంలో తయారైన టైరు. రబ్బరు గట్టిపడి, అంచుల్లో సన్నటి బీటలు. ఇసుక పరుచుకున్న మన ఉద్దానం రోడ్ల మీద అలాంటి టైరు కర్రచక్రంతో సమానం. చైను నాలుగుచోట్ల మడత తిరగడం లేదు. ఇక ఎయిర్‌ఫిల్టరు డబ్బా తెరిస్తే కొబ్బరిపీచుతో గూడు, నాలుగు జీడిగింజల తొక్కలు! ఎలుకలు కాపురం పెట్టి, కాలక్షేపానికి రెండు వైర్లు కూడా కొరికాయి.

ట్యాంకులో సగం పెట్రోలు తొమ్మిది నెలల నాటిది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌కి నీటిని పీల్చే గుణం ఉంది. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే ఆ ఖాళీలోని గాలి చెమ్మ అందులో చేరుతుంది. మోతాదు మించితే నీళ్లూ ఇథనాల్ కలిసి అడుక్కి దిగుతాయి. పంపు పీల్చేది అడుగునున్నదే కదా! మొత్తం వంపించేశాం.

సోకులు వద్దా మరి?

వద్దని కాదు. వరస ముఖ్యం. ముందు ఆగాలి, తర్వాత పట్టుండాలి, ఆ తర్వాత కనబడాలి. వినబడటం అన్నిటికన్నా చివర.

సౌండు సైలెన్సరునే తీసుకోండి. బండి తయారైనప్పటి లక్షణాలకి విరుద్ధంగా మార్పులు చేయకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. పైగా ఇంజెక్షన్ బళ్లలో పొగగొట్టానికి ఉండే సెన్సారు చెప్పినదాన్నిబట్టే పెట్రోలు పాళ్లు కుదురుతాయి. గొట్టం మారిస్తే ఆ లెక్క చెడొచ్చు. ఇక 55 వాట్ల హాలోజన్ లైట్లు రెండు పెడితే 110 వాట్లు, అంటే దాదాపు తొమ్మిది ఆంపియర్లు. ఫ్యూజు, రిలే లేకుండా హెడ్‌లైటు వైరుకే ముడేస్తే వైరు కాలుతుంది. ఎదురొచ్చేవాడి కళ్లూ చెదురుతాయి.

ఇదంతా ఫోనులో చెప్పాను. పెద్దవాడికి నచ్చలేదు. ‘‘డబ్బులు నావి కదా మావయ్యా!’’ అన్నాడు. నిజమే, ఎండలో నిప్పురవ్వల మధ్య సంపాదించిన సొమ్ము. కాదనడానికి నేనెవర్ని? ‘‘డబ్బులు నీవేరా. వెనకసీటు మీద కూర్చునే మనిషి కూడా నీ నాన్నే’’ అన్నాను. కాసేపు మాట్లాడలేదు. ‘‘బ్రేకు సంగతి తమ్ముడు నాకు చెప్పలేదేం?’’ అని మాత్రం అడిగాడు. ఆ తర్వాత, ‘‘నీకెలా తోస్తే అలా చేయించు’’ అన్నాడు.

బిల్లు చెబుతాను. టైర్లు రెండూ 9,500. చైనూ, పళ్లచక్రాలూ 4,200. బ్యాటరీ 1,900. బ్రేకు సీళ్లు, ప్యాడ్లు, ఆయిలు 2,300. ఇంజినాయిలు, ఫిల్టర్లు, కూలెంటు 1,800. వైర్ల మరమ్మతు కలిపి కూలి 1,500. మొత్తం 21,200. మిగిలింది 3,800. అందులో 1,600తో వెనక సీటుకి వీపు ఆనించుకునే దిండు. ఈ బళ్లకి వెనకసీటు గుర్రమెక్కినంత ఎత్తు, పట్టుకోవడానికి ఆధారం ఉండదు. అరవై దాటిన మనిషికి అది సోకు కాదు, అవసరం. చివరి 2,200తో బావకి ఐఎస్‌ఐ ముద్రున్న హెల్మెట్. పాతికవేలకి పాతికవేలూ సరి!

దూరదేశాల్లో ఉన్న తమ్ముళ్లూ, సెలవు ముగించుకుని వెళ్లేముందు ఇవి చేసి వెళ్లండి.

* బండిని మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, చైనుకీ బయటికి కనబడే బోల్టులకీ నూనె పట్టించండి. డిస్కుకీ బ్రేకు ప్యాడ్లకీ మాత్రం నూనె చుక్క తగలకూడదు.

* ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించండి. బ్యాటరీ వైరు విప్పండి. వీలైతే నెలకోసారి ఛార్జింగ్ పెట్టించండి.

* సెంటర్‌స్టాండు ఉంటే దాని మీద నిలపండి. లేకపోతే గాలి సరిగ్గా నింపి, అప్పుడప్పుడూ చక్రాన్ని కొంచెం జరపమనండి.

* ప్లాస్టిక్ వద్దు, గాలాడే గుడ్డ కప్పండి. ఎయిర్‌ఫిల్టరు నోటికి జాలీ కట్టండి. తీసేవరకూ స్టార్ట్ చేయొద్దన్న చీటీ తాళానికి తగిలించండి.

* లైసెన్సున్నవాడు ఇంట్లో ఉంటే పదిహేను రోజులకోసారి పది కిలోమీటర్లు తిప్పమనండి. రెండు నిమిషాల స్టార్టింగులు మాత్రం వద్దు.

ఇంకో మాట. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను ఈ తీరాన్ని తాకిన రోజు ఎవరూ మరిచిపోలేరు. అలాంటి ముంపు మళ్లీ వస్తే, నీళ్లలో మునిగిన బండికి స్టార్ట్ బటన్ నొక్కొద్దు. నీళ్లు చేరిన సిలిండరులో పిస్టను కదిలితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బ్యాటరీ విప్పి, మంచినీళ్లతో కడిగి, నేరుగా మెకానిక్ దగ్గరికి తోయించండి. ఆయిలు పాలు కలిపిన కాఫీలా కనబడితే నీళ్లు చేరినట్టే.

మొన్న పరీక్షకి బావే ముందు తయారయ్యాడట. తిరిగొచ్చాక ఫోన్ చేస్తే, ‘‘రిపోర్టు ఎలా ఉంది బావా?’’ అనడిగాను.

‘‘పోయిన నెల్లాగే ఉన్నాది, పెరగనేదు. అది సరేగానీ బామ్మర్దీ... హరిపురం కాడ మేక అడ్డొచ్చినాది. గుంటడు బ్రేకు పట్టినాడు. బండి ఆగిపోనాది!’’

ఆ ఆగిపోయిన బండి గురించి ఆయన ఇప్పటికి ఊళ్లో పదిమందికి చెప్పాడట. మావాడు కోరుకున్నది అదే కదా. ఊరంతా వాడి బండి గురించే మాట్లాడుకోవాలని!