పాత రథము, క్రొత్త సారథి

సంతలో కాడెద్దును కొనబోవు రైతు దాని కొమ్ములకు పూసిన రంగును చూచి రొంటిని దోపుకొన్న పైకమును బయటికి తీయడు. నోరు తెఱపించి పండ్లు లెక్కించును. వీపు నిమిరి సుడులు చూచును. నాలుగడుగులు నడిపించి గిట్టలు నేలను ఎట్లు తాకుచున్నవో పరికించును. తుదకు కాడి కట్టి బరువు లాగించిన పిదపగాని బేరము తెగనీయడు. గుఱ్ఱముల విషయమున మన పెద్దలు ఇంకను జాగరూకులు; మనుమంచి భట్టు హయలక్షణములను గూర్చి తెలుగున పద్యగ్రంథమునే రచించెను. అట్టివారి మనుమలు నేడు డల్లాసునందును, న్యూజెర్సీయందును సాఫ్టువేరు కొలువులలో నుండి, చిన్ననాడు గోడకంటించుకొన్న బొమ్మలోని కారు ఇప్పుడు క్రొత్త సామాన్యపు కారు వెలలో సగమునకే దొరకుచున్నదని విని, నాలుగు ఫోటోలు చూచి, ఒక సాయంకాలము నడిపి, మఱునాడే చెక్కు వ్రాయుచున్నారు. తాతలు ఎద్దునకు చేసిన పరీక్షను మనుమలు ఇంజనుకు చేయకుండుట నాకు మిక్కిలి కష్టము గొలుపుచున్నది.

గత సంవత్సరము మా మేనల్లుడు డల్లాసునుండి ఫోను చేసి, "మామయ్యా, 2003 మోడలు పోర్షే బాక్స్‌టర్ దొరికింది. నలభై వేల మైళ్లు కూడా తిరగలేదు. పెయింటు కొత్తదానిలా ఉంది. తీసేసుకోనా?" అని యడిగెను. "రసీదులు ఉన్నాయా నాన్నా?" అని నేనడిగితిని. లేవనియు, అమ్మువాడు ఇల్లు మాఱునప్పుడు ఎక్కడనో పోయినవని చెప్పెననియు అతడు బదులు చెప్పెను. ఆనాడు నేనతనికి చెప్పిన మాటనే ఇచ్చట విస్తరించి చెప్పుచున్నాను: పాత స్పోర్ట్స్ కారును కొనువాడు మైళ్ళ లెక్కను గాక, పై మెఱుగును గాక, ఇన్నాళ్ళు దానిని కాపాడిన చేతులను పరీక్షింపవలెను; ఆ పరీక్షయు తాను ఎన్నుకొన్న మెకానిక్కు చేతనే, డబ్బు చేతులు మాఱకమునుపే జరుగవలెను.

బాక్స్‌టర్‌నే ఉదాహరణముగా గైకొందము. 1996లో ఉత్పత్తి మొదలైన ఈ రెండు సీట్ల కారు తొలి తరములయందు, ఇరువైపులకు పరుండినట్లున్న ఆఱు సిలిండర్ల ఇంజను సీట్ల వెనుక, వెనుక చక్రములకు ముందు, ఇంచుమించు నడుమ అమర్పబడియున్నది. మలుపులయందు అది చూపు నిలుకడకు ఈ అమరికయే కారణము. కొనువాని కన్నులకు తెరయగుచున్నదియు ఈ అమరికయే. కారునకు ముందొకటి, వెనుకనొకటి సామాను పెట్టెలు కలవు. ఏ మూత తెఱచినను ఇంజను కంటబడదు. వెనుక పెట్టెలో ఆయిలును, నీటిని పోయు మూతలు మాత్రము కనబడును. పైన పటారము, లోన లొటారము అను సామెతకు ఇంతకంటె అనువైన యంత్రము లేదు.

కప్పబడిన ఆ గర్భమున మెకానిక్కులు ఐ.ఎం.ఎస్. అని పిలుచు మధ్యషాఫ్టు ఒకటి కలదు. క్రాంకుషాఫ్టు తిరుగుడును గొలుసుల ద్వారా కామ్‌షాఫ్టులకు అందజేసి, వాల్వులు వేళ తప్పక తెఱచుకొని మూసికొనునట్లు చేయుట దాని పని. గేరుబాక్సు వైపు కొనను మోయు బేరింగును గ్రీజుతో నింపి సీలు చేసిరి. ఏండ్లు గడచుకొలది ఆ గ్రీజు క్షీణించును; సీలు అడ్డముండుటచే ఇంజను ఆయిలు ధారాళముగా లోనికి పోజాలదు; అరిగిన గోళీలు పగులును, షాఫ్టు కంపించును, గొలుసు వేళ తప్పును, వాల్వులు పిస్టన్లను తాకును. అంతటితో, నిమిషము క్రిందట మధురముగా గానము చేయుచుండిన ఇంజను ఇనుప తుక్కగును. దానిని మార్పించుటకగు వ్యయము పలుమాఱులు ఆ కారు కొన్న వెలనే మించిపోవును.

ఇది కేవలము భయపెట్టు కథ కాదు. అమెరికాలో ఈ విషయమై యజమానులందఱి పక్షమున నడచిన వ్యాజ్యము 2013లో రాజీతో ముగిసెను. 2001 మే మొదలు 2005 ఫిబ్రవరి వఱకు నిర్మింపబడిన బాక్స్‌టర్, 911 కార్లు దాని పరిధిలోనికి వచ్చెను. ఒంటివరుస గోళీల బేరింగు నూటికి ఎనిమిదింటికి చేరువగా విఫలమైనదని ఆ సందర్భమున వెల్లడియైన లెక్క. ఆ పరిహారపు గడువు ఏనాడో తీరిపోయినది. నేడు కొనువానికి తన జాగ్రత్తయే రక్ష. మిగిలిన తొంబదిరెండు కార్లు బాగుండునుగదా యని వాదించువారున్నారు. బాగుండును, కాని తాను కొనబోవునది ఏ పక్షమునకు చెందినదో తెలిసికొను ఉపాయముండగా తెలిసికొనకుండుట ధైర్యమనిపించుకొనదు.

ఆ ఉపాయములు సామాన్యములు. మొదట, కారును చూడబోవునాడు దానిని ముందుగా స్టార్టు చేయవలదని అమ్మువానికి చెప్పవలెను. చల్లని ఇంజను దాచలేని శబ్దములను వేడెక్కిన ఇంజను దాచగలదు. ఆయిలు ఫిల్టరును విప్పి, దాని కాగితపు మడతలను వెలుతురున పఱచి చూచినచో, మెఱయు లోహపు రజను బేరింగు అరుగుదలను పట్టి యిచ్చును. స్పార్కుప్లగ్గు రంధ్రముగుండ సన్నని కెమెరాను చొప్పించి సిలిండరు గోడలను చూడవచ్చును. అదే వంశమునకు చెందిన 911 ఇంజన్లలో ఆ గోడలపై నిలువు గీతలు పడుట తెలిసిన రోగమే. సిలిండరులోనికి గాలి నెక్కించి అది ఎంత వేగముగా, ఏ దారిని తప్పించుకొనుచున్నదో కొలిచినచో పిస్టను రింగుల స్థితియు, వాల్వుల స్థితియు తేటపడును. వెనుక పెట్టెలోని తివాచీ నెత్తి తడియున్నదేమో తాకి చూడవలెను; నీటి తొట్టి ప్లాస్టికుదగుటచే వయసు మీఱిన కొలది పగులును. గుడ్డ కప్పు చెంతనున్న నీటి కాలువలు ఆకులతో పూడినచో వాననీరు సీటు క్రిందనున్న తాళపు కంప్యూటరును ముంచును. టైరు ప్రక్క అచ్చువేసిన అంకెలు 3515 అనియున్నచో అది 2015 సంవత్సరము ముప్పదియైదవ వారమున పుట్టినదని యర్థము. గాళ్ళు ఎంత లోతుగా నున్నను అట్టి రబ్బరును నమ్మరాదు.

వీనిని మించిన సాక్షి మఱియొకటి కలదు. 1996 మొదలు అమెరికాలో అమ్మబడు కార్లన్నిటను ఇంజను కంప్యూటరు తన లోపములను తానే జ్ఞాపకముంచుకొనును. అమ్మువాడు బ్యాటరీ తీసి ఆ జ్ఞాపకమును తుడిచివేయవచ్చును. తుడిచినచో కంప్యూటరు తన స్వయంపరీక్షలను మరల మొదటినుండి ఆరంభింపవలసివచ్చును, అవి ముగియుటకు కొన్ని దినముల ప్రయాణము పట్టును. కావున స్కానరు తగిలించినప్పుడు తప్పులేమియు లేవన్న మాటకు సంతోషింపక, స్వయంపరీక్షలు పూర్తియైనవా యని కూడ అడుగవలెను. పూర్తికాలేదన్నచో బ్యాటరీ ఏల తీసితిరని అమ్మువానిని ప్రశ్నింపవలెను.

ఇక మైళ్ళ మాట. తక్కువ తిరిగిన కారు మంచిదన్న నమ్మకము మనవారిలో పాతుకొనిపోయినది. సామాన్యపు కారు విషయమున అది కొంత నిజమే కావచ్చును; కాని ఏండ్ల తరబడి గరాజులో నిద్రించిన స్పోర్ట్స్ కారునందు సీళ్ళెండును, రబ్బరు గొట్టములు పగులును, ఆయిలులో తేమ చేరును, బ్రేకు డిస్కులు త్రుప్పు పట్టును. ఐదువేల మైళ్ళకో యేడాదికో, ఏది ముందైన అప్పుడు ఆయిలు మార్పించుచు, క్లచ్చికై గేరుబాక్సును దింపినప్పుడే ఆ బేరింగును కూడ మార్పించి, ప్రతి రసీదును దాచిన యజమాని చేత లక్ష మైళ్ళు నడచిన కారు, ఏ కాగితమును లేని నలువదివేల మైళ్ళ కారుకంటె నా దృష్టిలో మిన్న. విరాటుని కొలువున నకులునకు అప్పగింపబడిన అశ్వములు మంచి స్థితినున్నది అవి లాయమున కదలక నిలుచుటచే కాదు, తెలిసిన చేయి నిత్యము వానిని తడవుటచేత.

ఇంత తెలిసియు మనవారు పరీక్ష చేయింపకుండుటకు అసలు కారణము మఱొకటి యున్నదని నా యనుమానము. అది మొగమాటము. అమ్మువాడు మన ఊరివాడో, గుడిలో పరిచయమైనవాడో, ఆఫీసులో ప్రక్క సీటువాడో యగును. మెకానిక్కుకు చూపింతునన్నచో తన్ను అనుమానించితిమని నొచ్చుకొనునేమోయని వెనుదీయుదురు. ఆ మొగమాటము ఇద్దఱికిని అపకారము చేయును. పరీక్షింపక కొన్న కారు నెల దినములలో చెడినచో ఆ స్నేహము ఇంజనుతోబాటు పగులును. పరీక్షించి కొన్నచో అమ్మువాడు నిశ్చింతగా నిద్రించును. నిజాయితీపరుడు పరీక్షకు వెఱవడు. వెఱచువాని కారు మనకు అక్కఱలేదు. ఈ మాట డల్లాసులోనే కాదు, హైదరాబాదులో పాత కారు కొనువానికిని వర్తించును. 2020 అక్టోబరు వరదలలో ఆ నగరపు వీథులలో ఎన్ని కార్లు మునిగెనో చూచినవారెవ్వరును సీటు పట్టాలపై త్రుప్పును వెదకక కారు కొనరాదు.

పరీక్షకు కొన్ని వందల డాలర్లగును. ఆ సొమ్ము పోయినదని చింతింపవలదు. కారు వద్దని తెలిసినను, బేరమునకు ఆధారము దొరకినను ఆ వ్యయము ఫలించినట్లే. ఇదిగాక, కొనుటకు కేటాయించిన సొమ్ములో అయిదవ వంతునైనను మొదటి సంవత్సరపు మరమ్మతులకై ప్రక్కన నుంచవలెను. ఉన్నదంతయు వెలకే పోసినవాడు కారును కొనును గాని కాపాడజాలడు.

మా మేనల్లుడు నా మాట విని ఆ నలువదివేల మైళ్ళ కారును ఒక స్వతంత్ర మెకానిక్కుకు చూపించెను. స్వయంపరీక్షలలో ఒక్కటియు పూర్తికాలేదు. వెనుక పెట్టెలోని తివాచీ తడిగా నుండెను. అతడు నమస్కారము చెప్పి వచ్చివేసెను. మూడు నెలలకు, తొంబది వేల మైళ్ళు దాటిన మఱియొక బాక్స్‌టర్‌ను ఒక వృద్ధురాలివద్ద చూచెను. ఆమె కారు తాళము కంటె ముందు లావైన అట్ట ఫైలు నొకదానిని అతని చేతిలో పెట్టెనట. క్లచ్చి, బేరింగు, నీటి తొట్టి, పదునెనిమిదేండ్ల ఆయిలు మార్పులు, అన్నియు తేదీల వరుసన అందులో నుండెను. అతడు దానినే కొనెను. మొన్న మొదటిసారి ఆయిలు మార్పించి, ఆ రసీదును అదే ఫైలులో అన్నిటికంటె క్రింద చేర్చితినని నాకు ఫోను చేసి చెప్పెను. పదేండ్ల పిదప ఆ ఫైలును విప్పి చూచు వాడెవడైనను, నా మేనల్లుని చేతులను అందులో చూడగలడు.