ముక్కు మూసుకున్నందుకు

ఫ్లషింగ్ గణపతి గుడికి వెళ్తే కింద క్యాంటీన్‌లో దోసె తిని ఇంటికి రావడం మాకు అలవాటు. మొన్న అమ్మాయి పట్టుబట్టి మెయిన్ స్ట్రీట్ దగ్గర చైనాటౌన్‌లో ఓ చిన్న తైవాన్ హోటల్‌కి తీసుకెళ్ళింది. పక్క టేబుల్ మీదికి స్టింకీ టోఫు వచ్చింది. పులిసిన నీళ్ళలో ఊరబెట్టి, కరకరలాడేలా వేయించిన సోయా పనీరు అన్నమాట. నా చెయ్యి దానంతటదే ముక్కు మీదికి పోయింది.

"అమ్మా, చెయ్యి తియ్యి. థర్డ్ గ్రేడ్‌లో నా పులిహోర డబ్బా తెరిస్తే, ఇంగువ వాసనకి అందరూ ఇలాగే చేశారు" అంది మెల్లగా.

ఇన్నేళ్ళూ చెప్పనేలేదు! డబ్బా ఖాళీగా వస్తే తినేసిందనుకుని మురిసిపోయేదాన్ని.

పిల్లలు మన వంట తినరని తెగ బాధపడతాం. 'వాళ్ళు ఏవేవో తింటారు' అని మనమే వాళ్ళ ముందు ఎంత తేలిగ్గా అనేస్తాం! డబ్బా దాచుకోవడం వాళ్ళకి బడిలో ఒక్కచోటే అలవాటైందా అని నా అనుమానం.

బబుల్ టీ మాత్రం హాయిగా తాగాను. అందులో నల్ల గుండ్లు కర్రపెండలం పిండివే, మన సగ్గుబియ్యానికి చుట్టాలు. టోఫు కూడా తెప్పించాం. పక్కన పెట్టిన పుల్ల క్యాబేజీ బాగుంది. టోఫు ఒక్క ముక్క తిన్నాను, నచ్చలేదు. ఆ మాటే మామూలుగా చెప్పాను. మిగతాది అమ్మాయి తినేసింది.